పల్లానికి కొట్రా!

(తిరుపతిలో మన పూర్వ విద్యార్థులంతా కలిసిన రోజున, మధ్యాహ్నం భోజనాలకు ముందు ఒక విశ్రాంత భూగర్భ శాస్త్రవేత్త మాట్లాడిన మాటలివి. రాలేకపోయినవాళ్ళు అడిగితే రికార్డింగు విని రాసి పెట్టాం. తడబాట్లు తీసేశాం, మాట మార్చలేదు.)

అందరికీ నమస్కారం. కూర్చోండప్పా, కూర్చోండి. వెనక నిలబడినవాళ్ళు ముందుకి రండి, ముందు రెండు వరసలూ ఖాళీగానే ఉన్నాయి. క్లాసులో కూడా ఇంతే గదా, ముందు వరస ఎప్పుడూ ఖాళీ. యాభై ఏళ్ళయినా ఆ అలవాటు పోలేదు మనకి.

నాకు పది నిమిషాలిచ్చినారు. హాకీ గురించి చెప్పమన్నారు. నాకంటే ముందు మాట్లాడినవాళ్ళు ర్యాంకుల గురించి చెప్పినారు, పెద్ద పెద్ద ఉద్యోగాల గురించి చెప్పినారు. వినడానికి బాగుంది. నేను చెప్పబోయేది ఓడిపోయే జట్టు గురించి. 1973 నుంచి 75 దాకా మా జట్టు ఎన్ని మ్యాచులు గెలిచిందో తెలుసునా? తెలియదు గదా. నేనూ చెప్పను. మెట్టా, నువ్వు కూడా నోరు తెరవొద్దు. అదిగో ఆ మూడో వరసలో, తెల్ల చొక్కా వేసుకుని, నవ్వు ఆపుకుంటా ఉన్నాడే, ఆయన మా జట్టులో వింగ్‌లో ఆడేవాడు. వాళ్ళమ్మా నాన్నా పెట్టిన పేరు వేరే ఉంది. మాకు మాత్రం ఆయన మెట్ట. ఎందుకు మెట్ట అయినాడో చెప్తా. ఈ రోజు నేను చెప్పాల్సింది అసలు అదే.

మన శ్రీ వేంకటేశ్వర యూనివర్సిటీ ఎక్కడుంది? కొండ కింద. 1954లో పెట్టినప్పటి నుంచీ కొండ కిందే. ఉత్తరానికి తిరిగితే శేషాచలం గోడ కట్టినట్టు కనపడుతుంది. సరే, కొండ కింద నేల ఎక్కడన్నా సమంగా ఉంటుందా? ఉండదు. వాన కొండని కడిగి కడిగి కిందికి తెచ్చి పోస్తుంది. పెద్ద బండలు కొండ మొదట్లోనే ఆగిపోతాయి, గరుసు కొంచెం కిందికి వస్తుంది, ఇసక ఇంకా కిందికి, స్వర్ణముఖి దాకా పోతుంది. మేం ఆడిన మైదానం గరుసు పడిన చోట ఉన్నింది. హాకీ గ్రౌండంటే నూరు గజాల పొడవు, అరవై గజాల అడ్డం. ఆ అరవై గజాల్లో కొండవైపు గీత నుంచి ఊరివైపు గీతకి వచ్చేసరికి ఎంత వాలుందో ఒకసారి కొలిచినాం. ఇంజనీరింగ్ వాళ్ళ దగ్గర డంపీ లెవెల్, అంటే నేల ఎత్తుపల్లాలు కొలిచే పరికరం, అడిగి తెచ్చి మరీ కొలిచినాం. రెండున్నర అడుగులు! రెండున్నర అడుగులు వాలిన గ్రౌండులో హాకీ. బంతి సగం రేఖ మీద పెట్టి చెయ్యి తీస్తే, అదే మెల్లగా ఊరివైపు బయల్దేరేది. గాంధీ రోడ్డులో ఏదో పనున్నట్టు.

ఇంకొక్క మాట, జియాలజీ వాణ్ణి గదా, చెప్పకుండా ఉండలేను. ఆ గరుసు వట్టి గరుసు కాదు, క్వార్ట్‌జైట్. మన కొండ పైభాగమంతా ఆ రాయే. తిరుమల ఘాట్ రోడ్డులో ఒకచోట కింద గ్రానైటూ, పైన ఈ క్వార్ట్‌జైటూ ఒకదాని మీద ఒకటి కూర్చుని కనపడతాయి. రెండింటికీ మధ్య గీత గీసినట్టుంటుంది. దాన్ని ఎపార్కియన్ అన్‌కన్ఫర్మిటీ అంటారు, జాతీయ భూగర్భ స్మారకం అది. ఆ గీత దగ్గర దాదాపు 80 కోట్ల ఏళ్ళ కాలం కనపడకుండా పోయింది. కింది రాయికీ పై రాయికీ వయసులో అంత తేడా. మనోళ్ళు గోవిందా గోవిందా అని ఒక్క మలుపులో దాటేస్తారు. పోనీలెండి. నేను చెప్పేదేమంటే, ఆ రాయి మహా గట్టిది. కత్తితో గీకితే కత్తి అరుగుతుంది గానీ రాయి అరగదు. మల్బరీ కట్టెతో చేసిన స్టిక్కు, జలంధర్ నుంచి వచ్చేది, అట్లాంటి గరుసు మీద ఎన్ని రోజులు నిలబడుతుంది? నెల తిరిగేసరికి కొస పీచులు పీచులుగా లేచేది. సైకిల్ ట్యూబు కోసి, లాగి లాగి చుట్టేవాళ్ళం. బంతికి పైన తోలు పోతే తెల్ల పెయింటు పూసేవాళ్ళం. పెయింటు ఆరకముందే ఆడితే ఎవరి షార్టు మీద బంతి తగిలిందో అంపైరుకి వేరే చెప్పనక్కర్లేదు.

వానాకాలం ఇంకా సొగసు. కార్తీక మాసంలో కపిలతీర్థం దూకతా ఉందని ఎవరన్నా చెప్పినారంటే, ఆ రోజు ఆట లేదని అర్థం. కొండ మీద నీళ్ళు దిగి గ్రౌండుని అడ్డంగా కోసేసేవి. మరుసటి రోజు మేమే పారలు పట్టుకుని పూడ్చేవాళ్ళం. పూడ్చిన చోట మెత్తగా, పూడ్చని చోట గట్టిగా. బంతి ఎటు పోతుందో బంతికే తెలియదు.

ఇప్పుడు మీరే చెప్పండి. అట్లాంటి గ్రౌండులో రైట్, లెఫ్ట్ అని అరిస్తే ఏమన్నా ఉపయోగముందా? లేదు. మాకుండేవి రెండే దిక్కులు. మెట్ట, పల్లం. కొండవైపు మెట్ట, ఊరివైపు పల్లం. ‘పల్లానికి కొట్రా’ అంటే ఊరివైపు వదిలెయ్, బంతి దానంతట అదే పరిగెత్తుతుంది, వెనకాల మనవాడు పరిగెత్తుతాడు. పల్లంలో ఆడేవాడు జింకలాగా ఉరకాలి, లేకపోతే బంతి గీత దాటిపోతుంది. మెట్టలో ఆడేవాడికి ఉరుకుడు అక్కర్లేదు, ఓపిక కావాలి. బంతి ఎంత తోసినా మళ్ళీ వాడి కాళ్ళ దగ్గరికే వస్తుంది. మరి ఇంటర్వెల్ తరవాత వైపులు మారతాయి గదా, అప్పుడేం చేసేవాళ్ళం? పేర్లు మార్చేవాళ్ళం కాదు, మనుషుల్ని మార్చేవాళ్ళం. మెట్టలో ఆడేవాడు మొదటి సగంలో కుడి కొసన ఆడే రైట్ అవుట్, రెండో సగంలో ఎడమ కొసన ఆడే లెఫ్ట్ అవుట్ అయిపోయేవాడు. బయటి జట్లు మా దగ్గరికి వచ్చి ‘పల్లం, పల్లం’ అని వింటే, ఇదేదో కొత్త ఎత్తు అనుకునేవాళ్ళు. ఎత్తు లేదు, పల్లమే.

ఆ మెట్ట ఈయన. మరి పల్లం ఎవరు?

పల్లం గుంతకల్లు అబ్బాయి. రైల్వే కాలనీ వాడు. ఆంగ్లో ఇండియన్. అప్పట్లో అనంతపురం జిల్లా కాలేజీలు కూడా మన యూనివర్సిటీ కిందే గదా, శ్రీకృష్ణదేవరాయ యూనివర్సిటీ 1981లో గానీ రాలేదు. గుంతకల్లు, గుత్తి, ఆ రైల్వే కాలనీల్లో హాకీ అంటే ప్రాణం. పిల్లోడు నడక నేర్చినాడంటే చేతికి స్టిక్కే. ఈ అబ్బాయి మద్రాసు బండెక్కి రేణిగుంటలో దిగి, భుజం మీద స్టిక్కు, స్టిక్కుకి తగిలించిన సంచీతో హాస్టలుకి వచ్చినాడు. తెల్లగా, పొడుగ్గా ఉంటే మేం ఇంగ్లీషులో మాట్లాడాలేమో అని భయపడినాం. వాడు నోరు తెరిచి, ‘ఏం రో, స్నానానికి నీళ్ళు యాడ?’ అన్నాడు. ఇంకేముంది, మావాడైపోయినాడు.

వాళ్ళమ్మ పండగలకి పంపించేది, కొబ్బరి పాలతో పసుపన్నం, ఖైమా ఉండల కూర. మా గదిలో అందరం తినేవాళ్ళం. బదులుకి వాడికి మేం సంగటీ ఊరిబిండీ అలవాటు చేసినాం. ఎవరు ఎవర్ని పాడు చేసినారో మీరే అనుకోండి.

నా సంగతి చెప్పలేదు గదా. నేను ఏం ఆడేవాణ్ణి? పేరుకి హాఫ్, అంటే ముందు వరసకి వెనకాల ఆడేవాణ్ణి. నిజం చెప్పాలంటే నా పని ఒక్కటే, షార్ట్ కార్నర్‌లో, అంటే అవతలివాళ్ళు వాళ్ళ గోల్ దగ్గర తప్పు చేస్తే మనకిచ్చే అవకాశంలో, బంతిని చేత్తో ఆపడం. ఇప్పటి పిల్లలకి తెలియదు. ఆ రోజుల్లో బంతిని చేత్తో ఆపొచ్చు. గోల్ గీత మీద నుంచి ఒకడు బంతిని తోస్తాడు, గోల్ ముందు గీసిన డీ కొస దగ్గర ఒకడు వంగి అరచేత్తో దాన్ని నేలకి అదిమి, చెయ్యి తీస్తాడు, వెంటనే మూడోవాడు కొడతాడు. చెయ్యి తీయడం ఆలస్యమైతే వాడు కొట్టేది బంతిని కాదు. ఆ మధ్యలో వంగేవాణ్ణి నేను. బంతి ఎంత బరువుంటుందో తెలుసు గదా, 156 నుంచి 163 గ్రాములు. చేతిలో పెట్టుకుంటే ఏమీ కాదు. గరుసు మీద ఎగిరి వచ్చినప్పుడు తెలుస్తుంది.

ఇదిగో, ఈ ఎడమ చేతి ఉంగరం వేలు చూడండి. కనపడిందా వెనకాల వాళ్ళకి? మధ్య కణుపు దగ్గర పక్కకి తిరిగిపోయింది. పెళ్ళిలో ఈ వేలికి ఉంగరం ఎక్కక పక్క వేలికి పెట్టినారు. ఒక మ్యాచులో పల్లం బంతి తోసినాడు, అది సగం దూరంలో ఏదో రాయికి తగిలి లేచింది, నేను అరచెయ్యి పెడితే వేలు దొరికింది. మదనపల్లె నుంచి వచ్చిన జట్టుతో మ్యాచు అది. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మదనపల్లె జట్టు. దీని మీద తరవాత తగాదా ఉంది.

ఆ రోజు కట్టు కట్టించుకోవడానికి పోకుండా, రుమాలు చుట్టుకుని మ్యాచంతా ఆడినాను. వీరత్వం కాదు సార్. పన్నెండో మనిషి రాలేదు.

సరే, 1975కి వద్దాం. మార్చి 15, శనివారం. ఈ తేదీ ఇక్కడ ఎంతమందికి గుర్తుంది? చేతులెత్తండి. నలుగురా! ప్రపంచ కప్పు ఫైనలప్పా. కౌలాలంపూర్. మనకీ పాకిస్తాన్‌కీ. హాస్టల్లో మా బ్లాకుకంతా ఒకే రేడియో, వాచ్‌మన్‌ది. కామెంటరీ హిందీలో. మాలో హిందీ వచ్చినవాడెవడు? కడప అబ్బాయి ఒకడు, ఉర్దూ బాగా వచ్చు. వాడు చెవి రేడియోకి ఆనించి విని, తెలుగులో చెప్పాలి. అయితే వాడు విని, అర్థం చేసుకుని, చెప్పేలోపల ఆట ముందుకి పోయేది. ఉన్నట్టుండి రేడియోలో ‘గోల్’ అని పెద్ద కేక. మేం నలభై మంది ఎగిరినాం. ఒకడు బకెట్టు వాయించినాడు. వాచ్‌మన్ కొబ్బరికాయ కొట్టడానికి లేచినాడు. కడప అబ్బాయి రెండు చేతులూ పైకెత్తి, ‘ఆగండ్రా, ఆగండి, వాళ్ళు కొట్టినారు’ అన్నాడు.

అవును. ఆ మ్యాచులో మొదటి గోలు పాకిస్తాన్‌ది. తిరుపతిలో దానికి పండగ చేసుకున్నవాళ్ళం మేమే. తరవాత సుర్జీత్ సింగ్ సమం చేసినాడు, ధ్యాన్‌చంద్ కొడుకు అశోక్ కుమార్ రెండో గోలు కొట్టినాడు, 2-1. అప్పుడు ఎవరూ అరవలేదు. కడప అబ్బాయి మొహం వైపు చూసినాం. వాడు తల ఊపిన తరవాత అరిచినాం. ప్రపంచ కప్పు మనం గెలిచింది ఆ ఒక్కసారే. మళ్ళీ లేదు.

ఆ రోజు పల్లం మా మధ్య లేడు. జనవరిలోనే పోయినాడు. వాళ్ళ నాన్నకి ఆస్ట్రేలియా కాగితాలు వచ్చినాయి, కుటుంబమంతా పెర్త్‌కి. ఆ కాలంలో చాలామంది ఆంగ్లో ఇండియన్లు అటే పోయినారు. వాళ్ళకంటే ముందు, 1947లో జబల్‌పూర్ నుంచి పోయిన పియర్స్ కుటుంబం ఉంది. అయిదుగురు అన్నదమ్ములు, అయిదుగురూ ఆస్ట్రేలియా తరఫున ఒలింపిక్స్ ఆడినారు. మనం ఇక్కడ నేర్పించి పంపినాం, వాళ్ళు అక్కడ మనల్నే ఓడించడం మొదలుపెట్టినారు. పల్లం పోయిన రోజు నేనూ మెట్టా రేణిగుంట దాకా పోయినాం. ప్లాట్‌ఫారం మీద ఏం మాట్లాడుకున్నాం? ఏమీ లేదు. పదో తేదీన మ్యాచుంది, పల్లంలో ఎవర్ని పెట్టాలా అని మాట్లాడుకున్నాం. బండి పోయింది.

ఉత్తరం రాయలేదు. వాడూ రాయలేదు, మేమూ రాయలేదు.

ఇంక బయటి దేశాల సంగతి. రెండే చెప్తాను, భయపడొద్దు, భోజనాలు ఆలస్యం చెయ్యను.

నేను చదువైన తరవాత ముగ్గురాళ్ళ పనిలో పడినాను. అప్పటి కడప జిల్లా మంగంపేట, మీకందరికీ తెలుసు, ప్రపంచంలో అంత పెద్ద ముగ్గురాయి నిక్షేపం ఇంకోటి లేదు. చమురు బావి తవ్వేటప్పుడు కింది నుంచి తన్నుకొచ్చే ఒత్తిడిని అణచడానికి బరువైన బురద పోస్తారు, ఆ బరువు మన ముగ్గురాయిదే. ఆ అమ్మకాల పని మీద 1994లో కౌలాలంపూర్ పోయినాను. రేవు దాకా తీసుకుపోవడానికి ఒక కారు పంపించినారు. డ్రైవరుకి నలభై ఏళ్ళుంటాయి. నేను ఫోన్‌లో ఇంటికి తెలుగులో మాట్లాడుతుంటే వెనక్కి తిరిగి, ‘మీరు తెలుగువాళ్ళా?’ అన్నాడు. వాళ్ళ తాత కాలంలోనే కొబ్బరి తోటల్లో పనికి వచ్చినారంట, బాగన్ దాతో వైపు. ఆ తెలుగు వినాలి మీరు. మన అవ్వలు మాట్లాడిన తెలుగు, మధ్య మధ్య మలయ్ మాటలు.

నాకేమో ఒకటే ఆత్రం. ‘1975లో ఇక్కడే గదా ఫైనల్, నువ్వు చూసినావా?’ అని అడిగినాను. ‘ఫైనల్ చూడలా. సెమీఫైనల్ చూసినా’ అన్నాడు. సెమీఫైనల్ ఎవరితో? మలేసియాతోనే! నేను సీట్లో ముందుకి జరిగినాను. మనం ఓడిపోతా ఉన్నాం ఆ మ్యాచులో, గుర్తుందా? ఆట అయిపోవస్తోంది, 2-1 వాళ్ళది. బెంచి మీద కూర్చున్న అస్లం షేర్ ఖాన్‌ని లోపలికి పంపినారు. ఆయన మెళ్ళో తాయెత్తు ముద్దు పెట్టుకుని షార్ట్ కార్నర్ కొట్టినాడు, సమం అయిపోయింది. అదనపు సమయంలో హర్‌చరణ్ సింగ్ గోలు, 3-2. ఇదంతా నేను కళ్ళతో చూసినట్టు చెప్పుకుపోతా ఉన్నాను. తెలుగువాడు గదా, స్టేడియంలో ఎగిరి గంతేసి ఉంటాడు, ఆ సంగతి చెప్తాడు అని.

ఆయన ఏమన్నాడో తెలుసునా? ‘రెండు రోజులు అన్నం తినలేదు సార్. మీవాళ్ళు మా కొంప ముంచినారు.’

మీవాళ్ళు! మా కొంప! నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు. ఆ తరవాత రేవు దాకా ఇద్దరం మాట్లాడుకోలేదు. నిజం చెప్తున్నా, నాకు కోపం వచ్చింది. తెలుగు మాట్లాడుతూ అవతలి జట్టు ఏంది అని. దిగేటప్పుడు ఆయనే నవ్వి, ‘ఆ తాయెత్తు లేకపోతే మేం ఫైనల్‌లో ఉండేవాళ్ళం’ అన్నాడు. ఇరవై ఏళ్ళ కింద పడిన గోలుని ఆయన ఇంకా ఒప్పుకోలేదు. పాకిస్తాన్ గోలుకి నేను బకెట్టు వాయించిన సంగతి ఆయనకి చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు.

రెండోది పోయిన సంవత్సరం సంగతి కాదు, అంతకు ముందు, 2024. మా అమ్మాయి పెర్త్‌లో గనుల కంపెనీలో పని చేస్తుంది. జియాలజీనే. నేను చదవొద్దన్నాను, విన్లేదు. జూలైలో పోయినాను. అక్కడ చలికాలం, హాకీ ఆడే కాలం. శనివారం పొద్దున మనవరాలిని ఆటకి తీసుకుపోవాలి, నాన్నా నువ్వు పోతావా అంది. పోయినాను. నీలం రంగు టర్ఫ్, అంటే కృత్రిమ గడ్డి. నీళ్ళు చల్లి తడి చేసినారు. బల్ల పరిచినట్టు సమం. డంపీ లెవెల్ పెట్టినా వెంట్రుకవాసి తేడా రాదు. 1976 మాంట్రియల్ ఒలింపిక్స్‌లో మొదటిసారి ఇట్లాంటి టర్ఫ్ మీద ఆడించినారు, మనం ఏడో స్థానం. అప్పటి నుంచి మన గోడు మనకి తెలిసిందే. మన జిల్లా పల్లెటూరి పిల్ల రజని భారత మహిళల జట్టుకి గోలీగా, అంటే గోల్‌కీపరుగా, నిలబడిందంటే, ఆ టర్ఫ్ కోసం ఇల్లు వదిలి ఎంత దూరం పోయి ఉండాలో ఆలోచించండి. సరే.

ఒక బెంచీ చూసుకుని కూర్చున్నాను. పక్క గ్రౌండులో ఇంకో పిల్లల జట్టు. పదేళ్ళ పిల్లలు. వాళ్ళకి నేర్పించే ముసలాయన గీత పక్కన నిలబడి అరుస్తున్నాడు. ఎండ టోపీ, నా వయసే ఉంటుంది. నేను పట్టించుకోలేదు. నా మనవరాలి ఆట చూస్తా ఉన్నాను. చెవికి ఏదో తగిలింది.

‘పల్లం! పల్లం!’

నేను అనుకున్నాను, చెవులు పాడైనాయి. మళ్ళీ వినపడింది. ఈసారి పిల్లలు కూడా అరిచినారు. తెల్ల పిల్లలు, నల్ల పిల్లలు, చైనా పిల్లలు, అందరూ. ‘పలమ్! పలమ్!’ ఒక పాప బంతిని జనం లేని వైపుకి వదిలేసింది, ఇంకో పాప దాని వెనక ఉరికింది. జింకలాగా.

మీరే చెప్పండి, నా స్థితి ఎట్లుంటుంది? పెర్త్‌లో, బల్లలాంటి నేల మీద, పల్లమా? ఎక్కడుంది పల్లం?

లేచి పోయినాను. పోయి ఆయన ముందు నిలబడినాను. ఏమనాలో తెలియలేదు. ‘ఏం రో’ అన్నాను.

టోపీ తీసి చూసినాడు. చూసినాడు, చూసినాడు. సినిమాల్లో అయితే కావలించుకుంటారు. ఈయనకి నేను గుర్తు లేను! నిజంగా గుర్తు లేను. తిరుపతి అన్నాను, అవునన్నాడు. హాకీ టీమ్ అన్నాను, ఆహా అన్నాడు. నా పేరు చెప్పినాను, మర్యాదకి తల ఊపినాడు. మెట్ట గుర్తున్నాడు ఆయనకి. కడప అబ్బాయి గుర్తున్నాడు, వాచ్‌మన్ గుర్తున్నాడు, హాస్టల్ వెనక చింతచెట్టు గుర్తుంది. కపిలతీర్థం గుర్తుంది. నేను లేను. రెండేళ్ళు ఒకే గదిలో ఉన్నామప్పా! మెట్టా, నవ్వొద్దు.

తెలుగు దాదాపు పోయింది ఆయనకి. కొట్రా, వదలొద్దు, సంగటి, ఇంకో నాలుగు తిట్లు, ఇవే మిగిలినాయి. ఇంగ్లీషులోనే మాట్లాడుకున్నాం. యాభై ఏళ్ళ కింద మేం భయపడినట్టే అయింది చివరికి.

ఆట అయిపోయినాక టీ తెచ్చినాడు. కప్పు అందుకోవడానికి ఈ ఎడమ చెయ్యి చాపినాను. ఆయన కప్పు వదల్లేదు. వేలు చూస్తున్నాడు. కప్పు కింద పెట్టి, ఈ వేలు పట్టుకుని, ఇట్లా కణుపు దగ్గర రెండుసార్లు వంచి చూసినాడు, డాక్టరులాగా. ‘ఇది నేను చేసిందే’ అన్నాడు. మనిషిని మరిచిపోయినాడు, వేలు గుర్తుంది! తరవాత వెంటనే ఏమన్నాడో తెలుసునా? ‘కర్నూలు జట్టుతో మ్యాచు.’

మదనపల్లె, అన్నాను నేను. కర్నూలు, అన్నాడు. వాళ్ళు భాకరాపేట ఘాటు మీద బస్సులో చలికి వణుక్కుంటూ వచ్చినారు, నాకు బాగా గుర్తు, మదనపల్లె అన్నాను. వాళ్ళ గోలీ ఎర్ర టోపీ పెట్టుకున్నాడు, కర్నూలు అన్నాడు. నా వేలప్పా, నాకు తెలియదా? ఉన్న మూడు వారాలూ ఇదే తగాదా. ఇప్పటికీ తేలలేదు. మెట్టని అడిగితే, నెల్లూరు అంటాడు.

ఇక ఆ పిల్లల సంగతి. పల్లం అంటే ఏమని చెప్పినావు వాళ్ళకి అని అడిగినాను. జనం లేని వైపు, అన్నాడు. బంతి సులభంగా పోయే వైపు. ఒకపక్క అందరూ గుమిగూడినారా, పల్లం. అంతే. నలభై ఏళ్ళుగా నేర్పిస్తున్నాడంట. అదేదో ఇండియా వాళ్ళ హాకీ మాట అనుకుంటారు ఆ పిల్లలు. ఆయన దగ్గర నేర్చుకుని పోయినవాళ్ళు వేరే క్లబ్బుల్లో పిల్లలకి నేర్పిస్తూ అదే మాట వాడుతున్నారంట. నేను అడిగినాను, మరి మెట్ట? మెట్ట ఎవరికీ నేర్పలేదంట. అక్కడ అవసరం రాలేదంట. ఏమప్పా మెట్టా, విన్నావు గదా.

ఆగస్టు 2న పారిస్ ఒలింపిక్స్‌లో మనకీ ఆస్ట్రేలియాకీ మ్యాచు. ఆయన ఇంట్లో కూర్చుని చూసినాం. ఆయన మనవడు పసుపు చొక్కా వేసుకుని కూర్చున్నాడు, ఆస్ట్రేలియా రంగు. ఆయనా అదే వేసుకున్నాడు. ఈసారి నాకు కోపం రాలేదు. అభిషేక్ ఒకటి, హర్మన్‌ప్రీత్ రెండు, 3-2 మనం గెలిచినాం. ఒలింపిక్స్‌లో ఆస్ట్రేలియా మీద గెలవడం 1972 మ్యూనిక్ తరవాత అదే. 52 ఏళ్ళు. గెలిచినప్పుడు నేను అరవలేదు, ఇంటాయన మొహం చూసినాను, అలవాటు గదా, కడప అబ్బాయి నేర్పిన అలవాటు. ఆయన తల ఊపినాడు. అప్పుడు అరిచినాను. ఆ పిల్లోడు లేచి లోపలికి పోయి తలుపేసుకున్నాడు. అన్నం తిన్నాడో లేదో.

వచ్చేటప్పుడు ఆయన ఒక్కటే అడిగినాడు. వాళ్ళ మనవడు నమ్మడం లేదంట, వాలు గ్రౌండులో హాకీ ఏంది తాతా, కట్టుకథలు చెప్తున్నావు అంటాడంట. ‘నువ్వు తిరుపతి పోయినప్పుడు, బంతి మధ్యలో పెట్టి వదిలెయ్. వీడియో తీసి పంపించు. అది పల్లానికి పోవడం వాడు చూడాలి’ అన్నాడు.

సరే అన్నాను. ఏముంది అందులో?

ఈ రోజు పొద్దున ఆరు గంటలకి నేనూ మెట్టా పోయినాం. బంతి నిన్ననే కొనిపెట్టుకున్నాను. మంచు ఇంకా తీయలేదు, కొండ సగం కనపడుతోంది. వాకింగ్ చేసేవాళ్ళు చాలామంది. ఇద్దరు ముసలోళ్ళు బంతి పట్టుకుని నిలబడితే ఏమనుకుంటారు? అనుకోనీ. మధ్యలో అనుకున్న చోట బంతి పెట్టినాను. మెట్ట ఫోన్ పట్టుకున్నాడు. చెయ్యి తీసినాను.

కదల్లేదు.

ఇంకోచోట పెట్టినాను. కదల్లేదు. కొండవైపు పోయి పెట్టినాం, ఊరివైపు పోయి పెట్టినాం. పెట్టినచోటే కూర్చుంది. ఎప్పుడో చదును చేసినారు. బాగా చేసినారు, తప్పు పట్టడానికి లేదు. గడ్డి కూడా ఉంది. చిన్న పిల్లలు చెప్పుల్లేకుండా పరిగెత్తుతున్నారు, మన మోకాళ్ళు ఎట్లుండేవో గుర్తుంది గదా. వంగి చూసినాను, ఒక్క గరుసు రాయి దొరకలేదు.

మెట్ట అన్నాడు, ‘ఫోన్ నువ్వు పట్టుకో. నేను ఫ్రేములో పడకుండా కాలితో మెల్లగా తోస్తా. వానికేం తెలుస్తుంది?’ తోసినాడు. బంతి పోయింది, నిజం చెప్పొద్దూ, బాగానే పోయింది, ఊరివైపు, అప్పట్లాగే. ఇప్పుడు నా ఫోన్లో రెండు వీడియోలున్నాయి. ఒకదాంట్లో బంతి కదలదు. ఇంకోదాంట్లో కదులుతుంది, కొసన మెట్ట చెప్పు కొంచెం కనపడుతుంది.

పెర్త్ మనకంటే రెండున్నర గంటలు ముందు. పొద్దున్నుంచి ఆయన రెండుసార్లు ఫోన్ చేసినాడు. నేను ఎత్తలేదు. భోజనాల దగ్గర ఎవరన్నా చెప్పండప్పా, ఏది పంపమంటారు?